కొండ నీళ్లు, ఊరి వరద

2021 నవంబరు 18, గురువారం నాడు తిరుపతిని ముంచెత్తిన నీళ్లలో పెద్ద వాటా శేషాచలం కొండల మీంచి దిగివచ్చింది. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం చెన్నై వైపు కదులుతుండగా కొండ మీదా, కింద ఊళ్లోనూ ఎడతెరిపి లేకుండా వాన పడింది. మర్నాడు తెల్లవారుజామున వాయుగుండం పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. అప్పటికే కపిలతీర్థం జలపాతం ఆలయ ప్రాంగణంలోకి విరుచుకుపడింది. తిరుమలకు వెళ్లే రెండు ఘాట్ రోడ్లూ మూతపడ్డాయి. శ్రీవారి మెట్టు దారిని బండలూ బురదా కమ్మేశాయి. రేణిగుంటలో దిగాల్సిన విమానాలు వెనక్కి మళ్లాయి. ఊళ్లో ఎమ్మార్‌పల్లి, ఆటోనగర్, కొర్లగుంట, గొల్లవానిగుంట, లక్ష్మీపురం కూడలి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పరిసరాలు నీళ్లపాలయ్యాయి.

ఈ వరదకు ముందు ఓ నెల రోజుల కథ ఉంది. అక్టోబరు 22 రాత్రి కురిసిన కుండపోతకు బాలాజీ కాలనీ దగ్గరి వెస్ట్ చర్చి రైల్వే అండర్‌బ్రిడ్జి నిండిపోయింది. కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం వాహనం అందులో చిక్కుకుని, పెళ్లయి ఎన్నాళ్లో కాని యువతి చనిపోయింది. నవంబరు 11న మరో వాయుగుండం చెన్నై దగ్గరే తీరం దాటింది. దాని వానతో చెరువులు నిండాయి, నేల తడిసి ముద్దయింది. ఇక ఒక్క చుక్కను కూడా తాగే స్థితిలో లేని నేల మీద 18వ తేదీ వాన పడింది. ఈశాన్య రుతుపవనాల తీరే అంత. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాది వర్షపాతం 900 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో నైరుతి తెచ్చేదానికి దాదాపు సరితూగేంత వాన అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అదీ నెలలకు సమానంగా పంచినట్లు పడదు. ఒకటి రెండు వాయుగుండాలు వచ్చి ఆ మొత్తాన్ని కుమ్మరించి పోతాయి. రాకపోతే ఆ ఏడు కరవే.

ఉత్తరాన కొండ, దక్షిణాన నది, మధ్యలో పట్టాలు

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటే, తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంది. దాదాపు 700 మీటర్ల ఈ తేడా అంతా కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ముగిసిపోతుంది. కొండ పైభాగం క్వార్ట్‌జైట్ రాయి, దాని కింద అంతకన్నా చాలా ప్రాచీనమైన గ్రానైటు. ఈ రెండూ కలిసే చోటు ఘాట్ రోడ్డు పక్కనే కంటికి కనబడుతుంది. భూవైజ్ఞానికులు దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించారు. వరద విషయంలో ఈ రాతికి ఉన్న ప్రాముఖ్యం వేరు. క్వార్ట్‌జైట్ నీటిని పీల్చుకోదు. పగుళ్లలోకి దిగింది దిగగా, తక్కినదంతా లోయల్లోకి జారుతుంది. కపిలతీర్థం, మాల్వాడిగుండం లాంటి జలపాతాలు ఆ జారుడుకు చివరి మెట్లు. కోస్తాలో గోదావరి వరదకు భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేసినప్పటి నుంచి దిగువన సర్దుకోవడానికి కొన్ని గంటలైనా దొరుకుతాయి. కొండ అంచున కట్టిన ఊరికి ఆ వెసులుబాటు లేదు.

లెక్క సులువే. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్ల నీళ్లు. తిరుపతి నగరపాలక సంస్థ విస్తీర్ణం దాదాపు 27 చదరపు కిలోమీటర్లు. 10 సెంటీమీటర్ల వాన పడితే కొండ నీళ్లను పక్కన పెట్టినా 270 కోట్ల లీటర్లు, అంటే టీఎంసీలో దాదాపు పదో వంతు. మట్టి నేలైతే ఇందులో కొంత ఇంకుతుంది. సిమెంటు రోడ్డూ, డాబా కప్పూ ఏదీ ఇంకనివ్వవు. ఇంటింటి మురుగు పోవడానికి తవ్విన రెండడుగుల కాలవ ఇన్ని నీళ్లను మోయలేదు.

కొండ నుంచి దిగిన నీళ్లు నగరాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి దాటి స్వర్ణముఖిలో కలవాలి. దారికి అడ్డంగా, తూర్పు పడమరలుగా, రేణిగుంట నుంచి పాకాల వైపు పోయే రైలుకట్ట ఉంది. కట్ట కింద కల్వర్టులూ అండర్‌బ్రిడ్జీలే నీటికి దిక్కు. జనం వాహనాల కోసం లోతుగా తవ్విన అండర్‌బ్రిడ్జి వానొచ్చినప్పుడు ఊరి మొత్తానికీ పల్లపు బిందువు అవుతుంది. వెస్ట్ చర్చి దగ్గర ప్రాణం పోయింది అందుకే. చీకట్లో, ఊరు తెలియని డ్రైవరుకు అక్కడి నీటి లోతు అడుగో, ఆరడుగులో తెలిసే వీలు లేదు. యాత్రికుల మీదే బతికే నగరంలో హెచ్చరిక బోర్డు తెలుగులోనే ఉంటే చాలదన్న సంగతి కూడా ఆ రాత్రే బయటపడింది.

చెరువు నిండితే మొరవ, మొరవ పోతే వంక

పాత తిరుపతి చుట్టూ ఈ నీళ్లకు ఏర్పాటు ఉండేది. కొండ దిగిన వాగు మొదటి చెరువులో పడేది. అది నిండితే మొరవ పోయేది. మొరవ నీళ్లు వంకగా సాగి కింది చెరువుకు చేరేవి. అలా ఒకదాని తర్వాత ఒకటి నింపుకుంటూ చివరికి ఏటిలో కలిసేవి. ఇలాంటి గొలుసుకట్టు చెరువులు ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వేల సంఖ్యలో ఉన్నాయి. సేద్యం కోసం తవ్వినవే అయినా, అవి వరదకు కళ్లెం కూడా. ప్రతి చెరువూ నీళ్లను కొన్ని గంటలు పట్టి ఉంచి, వేగం తగ్గించి వదిలేది.

ఊరు పెరిగిన కొద్దీ గొలుసులో కొక్కేలు ఊడిపోయాయి. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1981లో పట్టణాభివృద్ధి సంస్థ తుడా ఏర్పడింది, 2007లో పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల్లో నగర జనాభా 2.87 లక్షలు, చుట్టుపక్కల పంచాయతీలను కలిపితే 4.6 లక్షలు. దీనికి రోజూ వచ్చిపోయే వేలాది మంది యాత్రికులు అదనం. వీళ్లందరికీ ఇళ్లూ లాడ్జీలూ కావాలి. పొలం సాగు ఆగిపోయాక ఆయకట్టు లేని చెరువు ఎవరికీ పట్టనిదయింది. అవిలాల చెరువును ఉద్యానవనం చేయాలన్న ప్రతిపాదనా, తుమ్మలగుంట చెరువులో వెలిసిన ఆటస్థలమూ వివాదాస్పదమయ్యాయి. పేరు పడని గుంటలూ వంకలూ అంత గొడవ కూడా లేకుండానే పోయాయి.

దీన్ని ఆక్రమణ అనే ఒక్క మాటతో సరిపెట్టడం టీవీ చర్చలకు బాగుంటుంది. వాస్తవం ఇంకాస్త చిక్కైనది. రాయలసీమ దక్షిణ కొసన జనానికి పరిచయమున్న భయం కరవు. కల్యాణి డ్యాం ఎండి, తెలుగుగంగ నీళ్లు కండలేరు నుంచి ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసి, ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడిన నగరమిది. ఏళ్ల తరబడి ఎండిన వంక ఖాళీ స్థలం లాగే కనిపిస్తుంది. అక్కడ ప్లాటు కొన్న చిరుద్యోగి చేతిలో రిజిస్ట్రేషను పత్రం ఉంది, ఇంటిపన్ను రసీదుంది, కరెంటు మీటరుంది. అవన్నీ ఇచ్చింది ప్రభుత్వ కార్యాలయాలే. కబ్జాదారు లాభం చేసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. వరదలో మంచం మీద సామాను ఎత్తిపెట్టుకున్నది ఆ చివరి కొనుగోలుదారు.

ఏటి గట్టు, చెరువు కట్ట

ఊళ్లోని నీళ్లు తగ్గకముందే స్వర్ణముఖి పొంగింది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి తిరుపతి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సముద్రంలో కలిసే ఈ ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక పర్రే. ఉపనది కల్యాణి మీది డ్యాం గేట్లెత్తడం, కింది వంకలన్నీ ఒకేసారి వచ్చి కలవడంతో ఏరు తన పాత వెడల్పును వెతుక్కుంది. తిరుచానూరు దగ్గర వసుంధర నగర్‌లో గట్టు కోసుకుపోయి ఒక పక్కా భవనం ఏటిలోకి ఒరిగి కూలిన దృశ్యం దేశమంతా చూసింది. పాపానాయుడుపేట, గుడిమల్లం మధ్య రోడ్డు కొట్టుకుపోయింది. ఇసుక తోడేసిన ఏటిలో ప్రవాహం అడుగునూ గట్టునూ తినేస్తుంది. వంతెన స్తంభాల చుట్టూ గుంతలు పడేది ఇలాగే. నిండా కంపచెట్లు మొలిచిన చోట నీళ్లు పక్కకు తిరిగి ఇళ్ల మీదకు పోతాయి. స్వర్ణముఖిలో ఈ రెండు జబ్బులూ ఉన్నాయి.

మూడో రోజుకు అందరి దృష్టీ రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు మీదకు మళ్లింది. విజయనగర రాజుల కాలం నాటిదని చెప్పుకునే ఈ చెరువు రెండు గుట్టల నడుమ కట్ట వేసి కట్టింది. ఎన్నో ఏళ్లుగా నిండా నీళ్లు చూడని కట్టకు నవంబరు 21న గండి జాడలు కనిపించాయి. లీకు నుంచి మట్టి జారడం మొదలైంది. దిగువ గ్రామాల జనాన్ని గుట్టల మీదకూ, తిరుపతి, రామచంద్రాపురం శిబిరాలకూ తరలించారు. ఇసుక బస్తాలు, కంకర, సిమెంటు కుమ్మరించి కట్టను నిలబెట్టే పని రాత్రింబవళ్లు సాగింది. ఎన్డీఆర్ఎఫ్ సిబ్బందీ, నీటిపారుదల ఇంజినీర్లూ, ఊరివాళ్లూ అందులో ఉన్నారు. చెరువు తెగలేదు.

రాయలచెరువు అనుభవం ఒక సాంకేతిక విషయాన్ని స్పష్టం చేసింది. మట్టికట్ట ఒక్క దెబ్బకు కూలేది అరుదు. ఎండిన ఏళ్లలో పగుళ్లిస్తుంది, చెట్ల వేళ్లూ ఎలుక బొరియలూ దారులు చేస్తాయి, నిండినప్పుడు ఆ దారుల్లో నీళ్లు మొదట తేటగా ఊరతాయి. ఊట నీళ్లు బురదగా మారితే లోపలి మట్టి పోతున్నట్లు. ఒకప్పుడు ఈ రంగు మార్పును కనిపెట్టే మనిషి ప్రతి చెరువుకూ ఉండేవాడు, నీరుగట్టి. చిన్ననీటి వనరుల శాఖలో ఇంజినీర్లున్నా, ప్రతి కట్ట మీదా రోజూ నడిచే మనిషి లేడు. రాయలచెరువు కట్ట లీకయిన రోజు నీళ్లు ఆపడానికి బస్తాలు చేరవేసిన చేతులు చాలా ఉన్నాయి. లీకు ముందే చూడాల్సిన కళ్లు లేవు.

పక్కనే కడప జిల్లాలో ఇదే వానకు జరిగింది ఇంతకన్నా ఘోరం. చెయ్యేరు ఉపనది మీది పింఛా, ఆ తర్వాత నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగిపోయాయి. ఆ రోజు కార్తీక పౌర్ణమి. దిగువన శివాలయంలో దీపాలు వెలిగించడానికి వెళ్లినవాళ్లను నీళ్లు ఎత్తుకుపోయాయి. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లు నేలమట్టమయ్యాయి. ఆర్టీసీ బస్సులు వరదలో చిక్కుకున్నాయి. 2.17 లక్షల క్యూసెక్కులకు కట్టిన ప్రాజెక్టుకు 3.2 లక్షల క్యూసెక్కులు వచ్చాయని నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి శాసనసభకు చెప్పారు. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని నాటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలో విమర్శించారు. రెండూ నిజమే కావచ్చు. ఒకటి రెండో దానికి జవాబు మాత్రం కాదు. చిత్తూరు, కడప, నెల్లూరు, అనంతపురం జిల్లాల్లో కలిపి 44 మంది మరణించారని, 16 మంది గల్లంతయ్యారని ప్రభుత్వం ప్రకటించింది.

జనం మాట

నగరం తొలి స్పందన అన్నం. కొండ ఎక్కలేక, రైలు దొరక్క చిక్కుకుపోయిన భక్తులకు తిరుమల తిరుపతి దేవస్థానం వసతి, భోజనం ఏర్పాటు చేసింది. మునిగిన కాలనీలకు యువకులూ, స్వచ్ఛంద సంస్థలూ, పార్టీల కార్యకర్తలూ పులిహోర పొట్లాలూ పాల ప్యాకెట్లూ మోకాల్లోతు నీళ్లలో మోశారు. ప్రభుత్వం మునిగిన కుటుంబాలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు పామాయిల్, కిలో ఉల్లిగడ్డలు, కిలో బంగాళాదుంపలు ప్రకటించింది. మృతుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు. ఇంట్లో ఫ్రిజ్జు, మోటారు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయినవారికి ఆ 2,000 ఏపాటి అన్న ప్రశ్న వీధుల్లో వినిపించింది. నీళ్లు ఎన్ని రోజులు నిలిస్తే ముంపు కింద లెక్క అన్న దాని మీద ప్రభుత్వ వలంటీర్లతో వాదులాటలు జరిగాయి.

రెండో స్పందన వదంతి. చెరువు తెగిందని, డ్యాం పగిలిందని వాట్సాప్‌లో సందేశాలు గంటకొకటి తిరిగాయి. అధికారిక సమాచారం ఆలస్యమైన చోట వదంతిని తప్పుపట్టి లాభం లేదు. అన్నమయ్య ప్రాజెక్టు నిజంగానే తెగిన వారంలో, ఎవరో ఏదో తెగిందంటే పరుగెత్తడమే తెలివైన పని.

ఈ భయాల మధ్యనే కృష్ణానగర్‌లో ఒక వింత జరిగింది. ఓ ఇంట్లో భూమిలోకి దింపిన సిమెంటు వరల నీటి సంపును శుభ్రం చేస్తుండగా, అది నేలలోంచి పైకి లేచి నిలబడింది. లోపలున్న మనిషి నిచ్చెన మీదుగా బయటపడ్డారు. చూడటానికి జనం బారులు తీరారు. దైవ మహిమ అన్నవారూ, అరిష్టం అన్నవారూ ఉన్నారు. విశ్వవిద్యాలయం ఆచార్యులు ఇచ్చిన వివరణ పాఠశాల భౌతికశాస్త్రంలోదే. వాన నీళ్లతో చుట్టూ నేల చిత్తడైపోయి, భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు ఖాళీ సంపు నీళ్లలో వదిలిన ఖాళీ డబ్బాతో సమానం. తను తోసేసిన నీటి బరువు తన బరువు కంటే ఎక్కువైతే పైకి లేస్తుంది. సంపు నిండా నీళ్లుండగా కదలలేదు, ఖాళీ చేయగానే లేచింది. కాలనీ కింద నేల ఎంత నీటితో నిండి ఉందో కొలిచి చూపిన పరికరం నిజానికి ఆ సంపే. అక్కడ ఒకప్పుడు ఏముండేది అన్న చర్చ మాత్రం పెద్దగా సాగలేదు.

మూడోది కోపం. దానికి రాజకీయం తోడైంది. వరద ముదిరిన నవంబరు 19నే శాసనసభలో జరిగిన పరిణామాలతో నాటి ప్రతిపక్ష నేత చంద్రబాబునాయుడు సభను వదిలి వెళ్లారు. వార్తా ఛానళ్ల సమయంలో పెద్ద భాగం అటే పోయింది. 20న ముఖ్యమంత్రి ఆకాశం నుంచి సర్వే చేశారు. నేల మీద ఎందుకు దిగలేదన్న విమర్శ వచ్చింది. సహాయ పనులకు అడ్డం కాకూడదనే రాలేదని ప్రభుత్వ పక్షం చెప్పింది. చంద్రబాబు ఆ వారంలోనే కడప, తిరుపతి తిరిగారు, ముఖ్యమంత్రి డిసెంబరు 2, 3 తేదీల్లో వచ్చారు. ఎవరు ముందొచ్చారన్న వాదనలో వంకల పటం ఎవరి చేతిలోనూ కనిపించలేదు.

కొండ దారి

నీళ్లు తగ్గాక కూడా కొండ కుదుటపడలేదు. డిసెంబరు 1 తెల్లవారుజామున రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడి రోడ్డు, రక్షణ గోడ ధ్వంసమయ్యాయి. కొద్దిలో ఒక బస్సు తప్పించుకుంది. పగుళ్లలోకి దిగిన నీళ్లు క్వార్ట్‌జైట్ దిమ్మెలను లోపల్నుంచి వదులు చేస్తాయి. వాన వెలిసిన రోజుల తర్వాత బండ పడటం అందుకే. ఐఐటీ ఢిల్లీ నిపుణులను పిలిచి కొండచరియలను పరిశీలింపజేశారు. పైకీ కిందికీ వాహనాలను మొదటి ఘాట్ మీద నడపాల్సి వచ్చింది. శ్రీవారి మెట్టు దారి 2022 మే నెలలో గాని తెరుచుకోలేదు. వరద రోజుల్లో టికెట్లున్నా రాలేకపోయిన భక్తులకు తర్వాత దర్శనం చేసుకునే వీలు కల్పించారు. ఆ డిసెంబరులోనే అన్నమయ్య మార్గాన్ని మూడో దారిగా అభివృద్ధి చేస్తామన్న ప్రకటన వచ్చింది. ఉన్న దారులు జారిన నెలలోనే అదే కొండలో ఇంకో దారి తొలచాలనుకోవడం విచిత్రమే. అయితే రెండు దారులూ మూతపడితే కొండ మీద చిక్కుకునే వేల మంది మాటేమిటన్న ప్రశ్నా తోసిపుచ్చేది కాదు.

చట్టం చెప్పేది, నేల మీద ఉన్నది

ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పట్టణ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్ల లోపు కట్టడం కూడదు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల వెడల్పు దాటిన వంకకు 9 మీటర్లు, చిన్న వంకకు 2 మీటర్లు. 2002 నాటి వాల్టా చట్టం నీటి వనరులను కాపాడమంటుంది. చెరువు భూములను ఇళ్ల స్థలాలుగా ఇవ్వరాదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద లోటేమీ లేదు. పూర్తి నీటిమట్టం రాళ్లు పాతని చెరువుకు 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలన్నదే చిక్కు. వంక పూడిపోయి రోడ్డయిపోయాక దాని 2 మీటర్లు దేనికి?

వరద కోపం ప్రణాళికగా మారిన ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో హైదరాబాదులో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగర అభివృద్ధి మండలి 1912లో వచ్చింది. ఎగువన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద నుంచి రెండో జలాశయానికి 19 ఏళ్లు పట్టింది. అదే హైదరాబాదు కొత్త కాలనీలు 2020 అక్టోబరులో చెరువుల వెంబడి మునిగాయి. జలాశయాలు మూసీని పట్టుకున్నాయి గాని, ఊళ్లోని నాలాల సంగతి వేరే.

తిరుపతిలో వరద తర్వాత కాలవల పూడిక తీశారు, కొన్ని ఆక్రమణలు తొలగించారు, తెగిన రోడ్లు మళ్లీ వేశారు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు స్వర్ణముఖి మళ్లీ పొంగింది. కల్యాణి గేట్లు మళ్లీ ఎత్తారు. పల్లపు కాలనీల్లో మళ్లీ నీళ్లు చేరాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విభజించాక పరిపాలనలో ఒక్క మార్పు మాత్రం నీటికి అనుకూలంగా వచ్చింది. పాకాల, చంద్రగిరి కొండల నుంచి వాకాడు సముద్ర తీరం దాకా స్వర్ణముఖి దాదాపు మొత్తం ఒకే తిరుపతి జిల్లాలోకి చేరింది. ఎగువ చెరువుల మొరవలు, నగరంలోని వంకలు, రైలుకట్ట కల్వర్టులు, దిగువ గట్లు అన్నిటినీ ఒకే పటం మీద గీయడానికి ఇదివరకు రెండు జిల్లాల కలెక్టర్లు కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కరు చాలు.